గొట్టం అడుగున మూడు టన్నులు

"మూయకండి బావగారూ!"

గట్టు మీద నుంచి మావయ్య పెట్టిన కేకకి కొంగలు లేచిపోయాయి. బాబాయి చేతిలో తుపాకి ఇంకా వంచే ఉంది. రెండు గొట్టాల్లోనూ ఎర్రటి కొత్త తూటాలు.

రేపల్లె పక్కన మా పొలం అది. 2024 ఎన్నికల ఫలితాలు వచ్చిన కొద్ది రోజుల తర్వాత సంగతి. ఎన్నికలని స్టేషన్లో అప్పజెప్పిన డబుల్ బ్యారెల్‌ను బాబాయి ముందురోజే తెచ్చుకున్నాడు. తాతయ్య మద్రాసులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న సీమ తుపాకి. బాబాయి చేతికొచ్చాక నూనె రాయడం, ఎన్నికలప్పుడు స్టేషనుకి మోయడం తప్ప పేల్చింది లేదు. "బతికుందో లేదో చూద్దాం" అని ఈసారి తూటాల పెట్టె తెప్పించాడు.

మావయ్యది తెనాలి. పోలీసు శాఖలో తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌గా రిటైరయ్యాడు. చూపించడానికి తుపాకిని తెనాలి పట్టుకొస్తామంటే ఫోన్లోనే కసిరాడు. మా లైసెన్సు జిల్లా వరకే చెల్లుతుంది. 2022 ఏప్రిల్ 4న రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్లింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. గంట ప్రయాణం లేని ఊరు తుపాకికి పరాయి జిల్లా అయింది! అందుకని ఆయనే రైలెక్కి వేమూరు, భట్టిప్రోలు మీదుగా వచ్చాడు. ఆయన వచ్చేదాకా ఆగే ఓపిక బాబాయికి లేకపోయింది.

"చక్కగా దిగాయి కదా బావగారూ!"

"దిగాయి. అదే భయం."

ముందు తూటాలు రెండూ తీసి జేబులో వేసుకున్నాడు. గొట్టాల కింది చెక్క ఊడదీశాడు, గొట్టాలు విడదీశాడు, తిరగేసి తువాలుతో తుడిచాడు. మూసి ఉన్నప్పుడు కనపడని ఆ చదును భాగం మీద చీమతలకాయల్లా గుర్తులు. "చదవరా" అని కళ్లజోడు నాకిచ్చాడు. కిరీటం, కింద బి.ఎన్.పి. అక్షరాలు. 12 అంకె. 2½ అంగుళాలు. 3 టన్నులు.

"టన్నులేంటి మావయ్యా, తుపాకికి?"

"ఒక చదరపంగుళం మీద ఎంత బరువు ఓర్చుకుంటుందో ఆ లెక్క. వాళ్ల టన్ను 2,240 పౌండ్లు. మూడు టన్నులంటే మన 75 కిలోల బస్తాలు నలభై. పోస్టు బిళ్లంత జాగా మీద నలభై బస్తాల ధాన్యం!"

బి.ఎన్.పి. అంటే బర్మింగ్‌హామ్ పరీక్షాశాలలో పొగలేని మందుతో పరీక్షించారని. 1813లో పార్లమెంటు చట్టంతో పుట్టిన శాల అది. మామూలుకన్నా బలమైన తూటా పెట్టి పేలుస్తారు, గొట్టం చెక్కుచెదరకపోతేనే ముద్ర. ఇలా టన్నుల్లో చెక్కడం అక్కడ 1954 నిబంధనలతో వచ్చింది, 1989 నుంచి బార్ అనే పీడన కొలతకు మారింది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. కొత్త గొట్టం మీద 850 అని ఉంటే అది పరీక్షలో పెట్టిన పీడనం, రోజువారీ తూటాకి ఇచ్చిన అనుమతి కాదు. పాత టన్నులను బార్‌లలోకి గుణించి పోల్చినా లెక్క తప్పుతుంది. అప్పట్లో చిన్న లోహపు ముక్క ఎంత నలిగిందో చూసి కొలిచేవారు, ఇప్పుడు ఎలక్ట్రానిక్ సెన్సర్లు.

మావయ్య జేబులోంచి తూటా తీసి పెట్టె పక్కన పెట్టాడు. పెట్టె మీద 70 మి.మీ. అని ఉంది. మా తుపాకిలో తూటా కూర్చునే గది రెండున్నర అంగుళాలు, వాడుకలో 65 మి.మీ. తేడా కందిగింజంత.

"మరి ఎలా పట్టింది?" బాబాయి గొంతు తగ్గింది.

"పెట్టె మీద రాసింది పేలి విచ్చుకున్నాక పొడవు బావగారూ. ఇప్పుడు మూతి ముడుచుకుని ఉంది, అందుకే పొట్టిగా ఉంది. పేలగానే ఆ మూతి గది దాటి, గొట్టం సన్నబడే మెడలోకి తెరుచుకుంటుంది. గుళ్లు వెళ్లే దారి అక్కడ ఇరుకవుతుంది, వెనక పీడనం పెరుగుతుంది. పైగా ఈ తూటా ఈనాటి తుపాకుల కోసం చేసింది."

ఇప్పటి మామూలు 12 బోర్ తూటాలకు ఐరోపా ప్రమాణం 740 బార్ దాకా ఒప్పుకుంటుంది. మూడు టన్నుల గొట్టానికి అది ఎక్కువే. అలా పేల్చిన ప్రతిసారీ గొట్టం పగలదు. పగిలిన రోజున మాత్రం దాని కింద ఉండేది పట్టుకున్నవాడి ఎడమచెయ్యి.

బాబాయి తన ఎడమ అరచేతిని కాసేపు చూసుకున్నాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర కూడా పెద్దగా మాట్లాడలేదు. లైసెన్సు పనికి బాపట్ల కలెక్టరేటుకి వెళ్లినప్పుడు మాత్రం, తనలాంటి మరో పాత తుపాకి ఆసామి కనపడితే కూర్చోబెట్టి బస్తాల లెక్కంతా చెప్పాడట.

మీ ఇంట్లోనూ తాతల నాటి తుపాకి ఉంటే, తూటా దిగింది కదా అని పేల్చకండి. ఖాళీ చేసి, ఆర్మరర్‌కో లైసెన్సున్న డీలరుకో గొట్టాల అడుగు చూపించండి.