రాష్ట్రం దక్కని రాజ్యం

తెలుగునాట బల్లార్‌పూర్ పేరు విననివాళ్ళు తక్కువ. ఢిల్లీ రైలెక్కేవాళ్ళకు అది బల్లార్షా స్టేషన్. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి బొగ్గు గనుల్లోకీ కాగితం మిల్లులోకీ పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన మా కుటుంబాలకు అది బతుకునిచ్చిన ఊరు. కానీ ఈ ఊరు రైలు కంటే, బొగ్గు కంటే, కాగితం కంటే పాతది. చాందా (ఇప్పటి చంద్రపూర్) గోండు రాజు ఖాండ్క్యా బల్లాల్ షా పేరు మీద వెలసిన రాజధాని ఇది. ఆయన కట్టించాడని చెప్పే కోట వర్ధా ఒడ్డున ఇప్పటికీ ఉంది. ఆ వంశానికి అంతకు ముందున్న రాజధాని మాత్రం తెలంగాణలో మీ దగ్గరే ఉంది: ఇప్పటి కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని సిర్పూర్. అక్కడి నుంచి బల్లార్‌పూర్‌కు, బల్లార్‌పూర్ నుంచి చంద్రపూర్‌కు రాజధాని కదిలిందని ఇక్కడి సంప్రదాయం చెబుతుంది. తెలుగు నేల అనీ మరాఠీ నేల అనీ మనం వేరువేరుగా చదువుకున్నది ఒకప్పుడు ఒకే రాజ్యం. ఆ రాజ్యం కథ తెలియకపోతే మహారాష్ట్రలోని ఈ చంద్రపూర్ జిల్లాలో రోజూ నడిచే వాదాలు ఒక్కటీ అర్థం కావు.

ఏమిటా వాదాలు? గోండులు హిందువులా, లేక వాళ్ళు పాటించే కోయ పునెం వేరే ధర్మమా? దసరాకు, తమవాడని కొందరు గోండులు చెప్పే రావణుడి బొమ్మ తగలబెట్టడం పండగా, అవమానమా? విదర్భ రాష్ట్రం కావాలా, గోండ్వానా రాష్ట్రం కావాలా? ఎస్టీ జాబితాలో ఎవరుండాలి, ఎవరుండకూడదు? టీ కొట్ల దగ్గర, జయంతి సభల్లో, కుర్రాళ్ళ చేతుల్లోని ఫోన్లలో ఈ మాటలు ఏడాది పొడవునా నలుగుతూనే ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళకు ఇదంతా పోయిన రాజుల మీద అభిమానంలా, పనిలేని పంతంలా కనిపిస్తుంది. నేనలా అనుకోను. భాషల వారీగా రాష్ట్రాలు పంచుకున్న రోజున వాటా రాని జనం తమ లెక్క అడుగుతున్న మాట ఇది. వాళ్ళ అభిమానం చూపు గతం మీద ఉన్నట్టు కనిపించినా, అడుగుతున్నది ఇవాళ్టి భాష గురించి, బడి గురించి, అడవి గురించి. స్వతంత్ర భారతంలో భాష పేరు మీద మొదటి రాష్ట్రం సాధించుకున్న తెలుగువాళ్ళం ఈ మాటను అందరికంటే ముందు వినాలి.

మొదట చరిత్ర. మధ్య భారతంలో గోండులకు నాలుగు పెద్ద రాజ్యాలుండేవి: గఢా-మండ్లా, దేవగఢ్, ఖేర్లా, చాందా. 1564లో మొగల్ సైన్యంతో పోరాడి ప్రాణం విడిచిన దుర్గావతి గఢా రాజ్యాన్ని ఏలిన రాణి. నాగపూర్ నగరానికి పునాది వేసిన బఖ్త్ బులంద్ షా దేవగఢ్ రాజు. చాందా వంశపు తొలి రాజులు ఏ శతాబ్దంవాళ్ళో చరిత్రకారులు ఒక మాట మీద లేరు. ఇంగ్లీషు అధికారి లూసీ స్మిత్ 1869 సెటిల్‌మెంట్ రిపోర్టులో ఎక్కించిన వంశావళిలో చాలా భాగం నోటి మాటే. రాతి కట్టడాల సంగతి వేరు. చంద్రపూర్ పాత ఊరి చుట్టూ మైళ్ళ పొడవున కోటగోడ ఇంకా నిలబడి ఉంది. జట్‌పురా ద్వారం కింద నుంచి పొద్దస్తమానం ఆటోలూ బండ్లూ ఒరుసుకుంటూ పోతుంటాయి; తలెత్తి చూస్తే గోండు రాజముద్ర కనిపిస్తుంది, ఏనుగును కాళ్ళ కింద అదిమిపట్టిన సింహం. అచలేశ్వర్ గుడి దగ్గర రాజుల సమాధులున్నాయి. భర్త బీర్ షా కోసం రాణి హీరాయి కట్టించిన సమాధి కూడా అక్కడిదే. గోండులంటే అడవి దాటి ఎరగని మనుషులని రాసిన పుస్తకాలకు ఈ గోడలు, ఈ సమాధులు చాలు సమాధానం.

1751లో నాగపూర్ భోంస్లేలు చివరి రాజు నీలకంఠ షాను దించి రాజ్యాన్ని కలిపేసుకున్నారు. 1818లో ఇంగ్లీషువాళ్ళు చాందా కోటను ముట్టడించి పట్టుకున్నారు. 1853లో రాజు వారసుడు లేకుండా చనిపోవడంతో భోంస్లేల రాజ్యం మొత్తం వాళ్ళ వశమైంది. అయిదేళ్ళకే మొలంపల్లి జమీందారు బాబూరావ్ షెడ్మాకే గోండు యువకులను కూడగట్టి తిరగబడ్డాడు. 1858 అక్టోబర్ 21న ఆయన్ను చాందా జైలులో ఉరితీశారు. ఏటా ఆ రోజున జనం ఇక్కడ ఆయన్ను తలచుకుంటారు. ఇంచుమించు అదే కాలంలో మీ నిర్మల్‌లో రాంజీ గోండునూ ఆయన మనుషులనూ ఉరితీసిన మర్రిచెట్టు కథ మీకు తెలుసు. 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన కొమరం భీం, అంతకు ముందు నిజాం మనుషుల నుంచి తప్పించుకుని చాందా వైపే వచ్చాడని చెప్పుకుంటారు. మనం భీంను తెలంగాణ వీరుడిగా, రాంజీని నిర్మల్ వీరుడిగా, షెడ్మాకేను మహారాష్ట్ర వీరుడిగా మూడు గదుల్లో పెట్టాం. గోండులకు ఆ ముగ్గురూ ఒకే ఇంటివాళ్ళు.

ఆ గదుల గోడలు ఎప్పుడు లేచాయో చూడండి. 1952 డిసెంబర్‌లో పొట్టి శ్రీరాములు ప్రాణమిచ్చారు, 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, దాని వెనకే రాష్ట్రాల పునర్విభజన కోసం ఫజల్ అలీ కమిషన్. 1955 నాటి ఆ నివేదిక తెలంగాణను కొంతకాలం విడిగా ఉంచమంది, విదర్భను ప్రత్యేక రాష్ట్రం చేయమంది. రెండూ అప్పుడు జరగలేదు. తెలంగాణ 2014లో వచ్చింది, విదర్భ ఇంకా రాలేదు. 1956లో ఆదిలాబాద్ జిల్లా నుంచి రాజురా తాలూకాను విడదీసి బొంబాయి రాష్ట్రంలో కలిపారు. బల్లార్‌పూర్ దగ్గర వర్ధా దాటితే వచ్చేది ఆ రాజురాయే. మరాఠీ మాట్లాడేవాళ్ళు ఇటు, తెలుగు మాట్లాడేవాళ్ళు అటు అన్న లెక్క ఆ రెండు భాషలవాళ్ళకు సరిపోయింది. గోండీ మాట్లాడేవాళ్ళు ఎటు? ఆ ప్రశ్నకు చోటు లేకపోవడంతో వాళ్ళు మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, తెలంగాణ, ఒడిశా, ఇప్పటి ఛత్తీస్‌గఢ్ మధ్య చీలిపోయారు. ఏ రాష్ట్రంలో చూసినా కొద్దిమందే అయ్యారు. 1962లో చాందా నుంచి స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు గెలిచిన లాల్ శ్యాం షా ఆదివాసుల రాష్ట్రం కోసం గొంతెత్తాడు. 1991లో హీరా సింగ్ మర్కాం గోండ్వానా గణతంత్ర పార్టీ పెట్టాడు. రాష్ట్రం రాలేదు. 2011లో గడ్చిరోలిలో పెట్టిన విశ్వవిద్యాలయానికి మాత్రం గోండ్వానా పేరు దక్కింది.

రాష్ట్రం లేకపోతే భాషకు ఏమవుతుందో అంకెలు చెబుతాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండీ మాతృభాషగా చెప్పినవాళ్ళు దాదాపు 29.8 లక్షలు. బోడో 14.8 లక్షలు, మణిపురి 17.6 లక్షలు, డోగ్రీ 26 లక్షలు. ఆ మూడూ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో ఉన్నాయి, గోండీ లేదు. బోడో, డోగ్రీ, సంతాలీ, మైథిలి 2003 సవరణతో చేరాయి కాబట్టి ఆ తలుపు తెరుచుకోదని ఎవరూ అనలేరు. ఒత్తిడి తేగల ప్రభుత్వం ఒకటి వెనక లేకపోవడమే గోండీ లోటు. లిపి సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. రాష్ట్ర సరిహద్దుకు అటు గోండు పిల్లవాడు తెలుగు లిపిలో అక్షరాలు దిద్దుతాడు, ఇటు పిల్లవాడు దేవనాగరిలో. ఇద్దరి అమ్మమ్మలూ ఒకరింటికొకరు పెళ్ళిళ్ళకు వెళ్ళి హాయిగా మాట్లాడుకోగలరు. మనవలు ఒకరు రాసింది ఒకరు చదవలేరు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో పాత చేతిరాత ప్రతుల్లో దొరికిన గోండీ లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. అదే ఏడు హంపిలోని కన్నడ విశ్వవిద్యాలయంలో వివిధ రాష్ట్రాల గోండులు కూర్చుని తయారుచేసుకున్న ఉమ్మడి నిఘంటువు వెలువడింది. గడ్చిరోలి జిల్లా మోహ్‌గావ్‌లో గ్రామసభే 2019లో గోండీ మాధ్యమంలో బడి తెరిస్తే, గుర్తింపు లేదని విద్యాశాఖ నుంచి నోటీసు వచ్చింది. తమ భాషలో తమ పిల్లలకు చదువు చెప్పుకోవడమే నేరమైన చోట, తాతముత్తాతల కోటను గుర్తుచేసుకోవడం వృథా గొప్ప ఎలా అవుతుంది?

మనవాళ్ళు ఆలోచించవలసిన సంగతి ఇంకొకటి ఉంది. సిర్పూర్, బల్లార్‌పూర్ రెండూ గోండు రాజధానులు. ఇవాళ దేశమంతా ఆ రెండు పేర్లనూ కాగితం పేర్లుగానే ఎరుగును. సిర్పూర్ మిల్లు నిజాం కాలంలో కాగజ్‌నగర్‌లో వెలిసింది, బల్లార్‌పూర్ మిల్లు కంపెనీ 1945లో పుట్టింది. రెండింటికీ ఈ అడవుల వెదురు ముడిసరుకైంది. ఆ వెదురు మీద మన తెలుగు కుటుంబాలు ఎన్నో బతికాయి, పిల్లల్ని చదివించుకున్నాయి. అడవి నరికినవాళ్ళకూ అడవిలో పుట్టినవాళ్ళకూ మిగిలింది మాత్రం తక్కువ. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక 2009లో గడ్చిరోలి జిల్లా మెండా-లేఖా గోండులు దేశంలోనే మొదటగా సామూహిక అటవీ హక్కు పొందారు. వెదురు అమ్ముకునే అధికారం చేతికి రావడానికి 2011 దాకా పోరాడవలసి వచ్చింది. ఈ విజయం వెనక ఉన్నది ఆ అభిమానమే. ఈ అడవి మాది, దీనికి మేం యజమానులం అని నమ్మని ఊరు చట్టం పుస్తకం పట్టుకుని రెండేళ్ళు నిలబడలేదు.

ఈ అభిమానానికి వచ్చే అభ్యంతరాలు తేలికవి కావు. మొదటిది ధర్మం గురించి. చంద్రపూర్ మహాకాళి గుడిని పెద్దగా కట్టించింది రాణి హీరాయే. చైత్రంలో అక్కడికి తెలంగాణ నుంచీ నాందేడ్ నుంచీ భక్తులు తరలివస్తారు. మరి గోండుల ధర్మం వేరని ఎలా అంటారని చాలామంది అడుగుతారు. రాజులు గుళ్ళు కట్టించింది నిజం. అదే కాలంలో ఊళ్ళలోని గోండులు తమ గోత్రాల దేవుళ్ళైన పెన్‌లనే కొలిచారు, నాలుగు దేవుళ్ళవారు, అయిదు దేవుళ్ళవారు, ఆరు, ఏడు దేవుళ్ళవారు అన్న లెక్కతోనే పెళ్ళి సంబంధాలు కలుపుకున్నారు, తమ ధర్మాన్ని నెలకొల్పాడని నమ్మే పహండీ కుపార్ లింగో కథను తమ గాయకులైన పర్ధానుల నోట విన్నారు. ఇదీ నిజమే. నాగపూర్ ప్రాంతపు పండితుడు మోతీరావణ్ కంగాలీ తన జీవితమంతా ఈ రెండో నిజాన్ని రాతలో పెట్టడానికే వెచ్చించాడు. దర్బారు మతం ఊరి మతాన్ని చెరిపేయలేదు. మన కాకతీయులు కట్టించిన వేయి స్తంభాల గుడి ఉంది కాబట్టి మేడారం సమ్మక్క జాతర లేదంటామా? తమను ఏమని పిలవాలో చెప్పే హక్కు ఆ జనానిదే.

రెండోది, రాజుల కీర్తి పాడితే పేదలకు ఒరిగేదేముందన్న ప్రశ్న. ఇందులో నిజముంది. షెడ్మాకేను పట్టి ఇంగ్లీషువాళ్ళకు అప్పగించింది అహేరి జమీందారిణి లక్ష్మీబాయి, ఆమెదీ గోండు వంశమే. రాజగోండులకూ మామూలు గోండులకూ మధ్య అంతరం ఉండేది. ఆ రాజ్యంలో కొలాములూ, దళితులూ, రైతులూ, నేతగాళ్ళూ బతికారు. 1956 అక్టోబర్ 16న డాక్టర్ అంబేడ్కర్ ఇదే చంద్రపూర్‌లో వేలాదిమందికి ధమ్మదీక్ష ఇచ్చారు. దళిత పేటలవాళ్ళకు ఈ ఊరి చరిత్ర ఆ రోజున మొదలవుతుంది. కోటగోడ ఒక్క కులానిదే అని వాదిస్తే వీళ్ళందరికీ అన్యాయం జరుగుతుంది. కానీ గోండు యువకుల్లో ఆలోచనాపరులు అడుగుతున్నది సింహాసనం కాదు. ఆదివాసీ ప్రాంతాల్లో గ్రామసభకు అధికారమిచ్చే పీసా చట్టం అమలు చేయమంటున్నారు, గోండీలో బడి పెట్టమంటున్నారు. ఆ డిమాండ్లలో రాజు లేడు, గ్రామసభ ఉంది.

మూడోది, ఈ అభిమానం మనుషుల్ని విడదీస్తుందన్న భయం. ఇది ఊహ కాదు. 1994 నవంబర్ 23న నాగపూర్‌లో ఎస్టీ గుర్తింపు కోసం వచ్చిన గోవారీ కులంవాళ్ళు 114 మంది తొక్కిసలాటలో చనిపోయారు. జాబితాలో ఉన్న గోండ్-గోవారీ అన్న మాట తమదేనా కాదా అన్నదే వాళ్ళ తగాదా. 2017లో మీ ఆదిలాబాద్‌లో గోండులకూ లంబాడాలకూ మధ్య గొడవలు చెలరేగాయి. వాటి మూలం ఎక్కడుందో చూడండి. 1976 చట్టంతో లంబాడాలు తెలంగాణలో ఎస్టీలయ్యారు. సరిహద్దుకు ఇటు, మహారాష్ట్రలో, బంజారాలని పిలిచే అదే జనం ఎస్టీలు కారు, విముక్త జాతుల జాబితాలో ఉన్నారు. ఒకే మనిషి ఒక గీత దాటితే హక్కు మారిపోయే ఏర్పాటును గోండులు చేయలేదు, లంబాడాలూ చేయలేదు. భూమి, ఉద్యోగం, సీటు అన్నీ ఆ ఒక్క జాబితా మీద వేలాడుతున్నప్పుడు ఎవరు అసలైన ఆదివాసి అన్న ప్రశ్న రోజూ రగులుతుంది. చరిత్ర మాట్లాడవద్దంటే ఆ మంట చల్లారదు. పొరుగు పేదవాణ్ణి శత్రువుగా చూపే మాటను మాత్రం ఎవరన్నా తప్పే. తమకు జరిగిన అన్యాయాన్ని అడిగే జనం ఆ తప్పు చేస్తే వాళ్ళ న్యాయమే బలహీనపడుతుంది.

గోండ్వానా రాష్ట్రం వస్తుందో రాదో నేను జోస్యం చెప్పను. అయిదు రాష్ట్రాల పటం తిరగరాయకుండానే జరగగలిగేవి కొన్ని ఉన్నాయి, వాటిలో తెలుగువాళ్ళ చేతిలో ఉన్నవీ ఉన్నాయి. తెలుగూ గోండీ ద్రావిడ కుటుంబంలో ఒకే శాఖకు చెందిన భాషలని మన భద్రిరాజు కృష్ణమూర్తి శాస్త్రీయంగా చూపించారు. గోండీని ఎనిమిదో షెడ్యూల్‌లో చేర్చమని హైదరాబాద్ శాసనసభ తీర్మానం చేయవచ్చు. రెండు లిపుల్లో ఒకే వాచకాన్ని రెండు రాష్ట్రాల విద్యాశాఖలు కలిసి అచ్చు వేయవచ్చు. సిర్పూర్, బల్లార్‌పూర్, చంద్రపూర్ ఒకే పాఠంలో, రాంజీ, షెడ్మాకే, భీం ఒకే పేజీలో రావచ్చు. ఇవి దయతో చేసే పనులు కావు. భాష పేరు చెప్పి రాష్ట్రం అడిగి తెచ్చుకున్నవాళ్ళం మనం. అదే మాట పక్క ఇంటివాళ్ళు అడిగితే విననట్టు ఉండే హక్కు మనకు లేదు.