రెండు మాత్రలు, ఒక డెల్టా

మా గోదావరి సీమలో ‘డాప్సోన్’ అన్న మాట వినబడగానే పెద్దలు గొంతు తగ్గిస్తారు. అది కుష్ఠు మందని లోకప్రసిద్ధి. నేను మూడేండ్లుగా ప్రతిదినమూ భోజనానంతరం ఆ మాత్ర వేసుకుంటున్నాను. నాకు కుష్ఠు లేదు. దానితోబాటు పసుపుపచ్చని చిన్న మాత్ర మరొకటి కూడ వేసుకుంటాను. అది ఫోలిక్ ఆమ్లం. ఈ రెండింటి పూర్వోత్తరాలు తరచి చూడగా వైద్యచరిత్రతోబాటు మా జిల్లాల చరిత్ర కూడ కొంత కనబడింది. ఆ సంగతులు మిత్రులతో ముచ్చటించాలని ఈ నాలుగు మాటలు.

ముందుగా వ్యాధి సంగతి. మోచేతులు, మోకాళ్ళు, పిరుదులు, మాడు – ఈ చోట్ల రెండు ప్రక్కలా సమానంగా చిన్న చిన్న నీటిపొక్కులు గుంపులుగా లేస్తాయి. దురద చెప్పనలవి కాదు. గోకగా పొక్కులు చితికిపోయి గీరిన గాట్లు మాత్రమే మిగులుతాయి కనుక చూసినవారు గజ్జి అనో, తామర అనో అనుకోవడం సహజం. నాకూ రెండేండ్లు ఆ లేపనాలతోనే గడిచాయి. 1884లో ఫిలడెల్ఫియా నగరపు చర్మవైద్యుడు లూయీ డూరింగ్ దీనిని విడదీసి వర్ణించి ‘డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్’ అని పేరు పెట్టాడు. హెర్పిస్ పొక్కులను పోలి ఉంటుందని ఆ పేరే గాని హెర్పిస్ క్రిమికీ దీనికీ సంబంధం లేదు. ఇది అంటువ్యాధి కాదు. గోధుమ, యవలు, రై ధాన్యాలలోని గ్లూటెన్ అనే జిగురు మాంసకృత్తును కొందరి శరీరం శత్రువుగా ఎంచుతుంది. ఆ పోరు ప్రేగులో మొదలై చర్మం మీద పైకి తేలుతుంది. పొక్కు ప్రక్కనున్న మంచి చర్మాన్ని రవ్వంత తీసి ప్రత్యేక పరీక్ష చేస్తే ‘ఐజిఎ’ అనే ప్రతిరక్షకం రేణువులుగా మెరుస్తుంది. నా నిర్ధారణ ఆ పరీక్షతోనే జరిగింది.

ఇక మాట సంగతి. చరక సుశ్రుత సంహితలలో ‘కుష్ఠం’ ఒక్క వ్యాధి పేరు కాదు. పదునెనిమిది రకాలు చెప్పారు. ఏడు మహాకుష్ఠాలు, పదకొండు క్షుద్రకుష్ఠాలు. నేటి వైద్యులు గజ్జితో పోల్చే పామ, తామరతో పోల్చే విచర్చిక కూడ ఆ పద్దులోనివే. అంటే ప్రాచీనుల దృష్టిలో నా పొక్కులు కూడ ఏదో ఒక కుష్ఠమే అయి ఉండేవి. కాలక్రమాన ఆ విశాలమైన పదం కుంచించుకొని ఒక్క వ్యాధికి పరిమితమయింది. లోకపు భయమంతా ఆ ఒక్కదాని మీదనే వచ్చి వాలింది.

డాప్సోన్‌ను మొదట తయారుచేసినవారు వైద్యులు కారు. 1908లో జర్మనీలో ఫ్రోమ్, విట్‌మన్ అనే రసాయనశాస్త్రవేత్తలు తయారుచేశారు. మూడు దశాబ్దాల దాకా దానిని ఎవరూ మందుగా ఊహించలేదు. 1937లో ఎలుకల మీద పరీక్షించి, క్రిములను చంపగలదు గాని విషగుణమూ హెచ్చే అని తేల్చారు. 1941లో అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రిలో గై ఫేజెట్ దీని జన్యమైన ప్రోమిన్‌ను రోగులకిచ్చి సత్ఫలితం చూశాడు. 1940లలోనే రాబర్ట్ కాక్రేన్ మద్రాసు చేరువనున్న చెంగల్పట్టులో డాప్సోన్‌నే ఇచ్చి చూశాడు. అంతకుముందు ఉన్న ఔషధమల్లా చాల్‌మూగ్రా నూనె. సూదిమందుగా పొడిస్తే భరింపరాని నొప్పి, ఫలితం అంతంతమాత్రం. మా రామచంద్రపురంలో కెనడా బాప్టిస్టు మిషనరీలు నెలకొల్పిన కుష్ఠు ఆశ్రమం వంటి చోట్ల ఒక తరం రోగులు ఎరిగినది ఆ నూనెనే. ఇంటికి తిరిగి వెళ్ళవచ్చుననే ఆశను చవక ధరకు తెచ్చినది ఈ తెల్లని మాత్ర. 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు మందుల కలయికను సిఫారసు చేసినప్పుడు కూడ అందులో డాప్సోన్‌కు చోటు నిలిచింది.

కుష్ఠు మందు నా దురదకు ఎట్లా పనికివచ్చింది? 1940లో బ్రెజిలు వైద్యుడు కోస్టా ఈ పొక్కులకు సల్ఫాపిరిడిన్ పనిచేస్తుందని గమనించాడు. 1950ల తొలినాళ్ళలో ఆ జాతికి దగ్గరిదైన డాప్సోన్ ఇంకా బాగా పనిచేస్తుందని తెలిసింది. ఇక్కడ అది క్రిములను చంపదు. చంపడానికి క్రిమి లేదు. చర్మంలోకి దండెత్తివచ్చే తెల్లకణాల ఉద్రేకాన్ని అణచుతుంది. నాకు మూడవనాటికి దురద పోయి రాత్రి నిద్ర పట్టింది. అయితే ఇది మూలచ్ఛేదం చేసే మందు కాదు. మాత్ర ఆపితే కొద్దిరోజులకే దురద మళ్ళీ తలుపు తడుతుంది. ప్రేగుకు దీనివలన కలిగే మేలు ఏమీ లేదు.

ప్రేగు సంగతి తేల్చినవాడు డచ్చి వైద్యుడు విలెం డికె. గోధుమ మానిపిస్తే సీలియాక్ వ్యాధి ఉన్న పిల్లలు కోలుకుంటారని ఆయన 1950 నాటి పరిశోధనగ్రంథంలో నిరూపించాడు. ఈ చర్మవ్యాధి ఉన్నవారి ప్రేగులోను అదే దెబ్బ ఉంటుందని 1966లో ఇంగ్లండు వైద్యులు కనుగొన్నారు. పెద్దలలో వచ్చే సీలియాక్‌కు ఆ రోజులలో మరొక పేరుండేది – ‘ఉష్ణమండలేతర స్ప్రూ’. ఆ పేరు వినగానే మా భీమవరం గుర్తుకు రావాలి.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టి, రాజమహేంద్రవరంలో చదివి, మద్రాసు వైద్యకళాశాల మీదుగా అమెరికా చేరారు. ఆయన సోదరులను బలిగొన్నది ఉష్ణమండల స్ప్రూ. అదీ ప్రేగు వ్యాధే, కారణం వేరు. అన్నం ఒంటబట్టక, రక్తం విరిగి, మనిషి క్షీణిస్తాడు. 1945లో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. ఆ వెంటనే టామ్ స్పైస్ వంటి వైద్యులు దానిని స్ప్రూ రోగులకిచ్చి ఎండిపోయిన రక్తం తిరిగి ఊరడం చూశారు. సుబ్బారావు గారు 1948లో కన్నుమూశారు.

నా పళ్ళెం ప్రక్కన ఉండే పసుపుపచ్చని మాత్ర అదే. దాని అవసరం రెండు విధాలు. దెబ్బతిన్న ప్రేగు ఫోలేటును సరిగా గ్రహించదు. అదిగాక డాప్సోన్ ఎర్రకణాలను ఆయుష్షు తీరకముందే పగులగొడుతుంది. పోయిన కణాల స్థానంలో కొత్తవి పుట్టడానికి ఫోలేటు కావాలి. కుష్ఠుక్రిమి విషయంలో డాప్సోన్ చేసే పని ఆ క్రిమికి ఫోలేటు తయారు కాకుండా అడ్డుకోవడమే! మనుష్యులు దానిని ఆహారంనుండి తీసుకుంటారు కనుక మనకా బాధ లేదు.

ఈ మందుకు కాపలా కావలసినది అందుకే. మొదలుపెట్టకముందే ‘జి-6-పి-డి’ అనే ఎంజైము పరీక్ష చేయించాలి. అది లోపించినవారికి ఎర్రకణాలు ఒక్కసారిగా పగిలిపోవచ్చు. మలేరియా చిరకాలంగా ఉన్న ప్రాంతాల ప్రజలలో ఈ లోపం హెచ్చు గనుక మన్యం వారి విషయంలో ఇది మరింత ముఖ్యం. తరువాత మొదటి నెల వారం వారం రక్తకణాల లెక్క, ఆపైన వైద్యుడు చెప్పిన వ్యవధిలో, నడుమ కాలేయ పరీక్ష. తొలి మూడు నెలలలో జ్వరం, గొంతునొప్పి, ఒళ్ళంతా దద్దు, కామెర్లు, పెదవులు నీలివర్ణం, ఆయాసం – వీటిలో ఏది కనబడినా ఆనాడే వైద్యుని వద్దకు పోవాలి. ఇంకొక మాట మధుమేహులకు. ఎర్రకణాల ఆయుష్షు తగ్గడం వలన ‘హెచ్‌బిఎ1సి’ అంకె ఉన్నదానికంటె తక్కువగా కనబడుతుంది. ఆ అంకె చూసి సంతోషించరాదు.

మాత్ర కంటె ముఖ్యమైనది పళ్ళెం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిననాటినుండి ఈ డెల్టా వరి సముద్రమే. 2016లో ప్రచురితమైన ఒక పెద్ద సర్వేలో సీలియాక్ వ్యాధి ఉత్తర భారతంలో నూటికి 1.23, దక్షిణాన 0.10 అని తేలింది. దానికి కావలసిన జన్యువులు మాత్రం ఉభయత్రా ఇంచుమించు సమానమే. తేడా తిండిలో ఉన్నది. బీజం మనలోనూ ఉన్నది, గోధుమ ఆలస్యంగా వచ్చింది. చిన్నతనాన బడిలో ‘కేర్’ వారి అమెరికా గోధుమ నూకతో వండిన ఉప్మా తిన్న తరం మాది. తరువాత రవ్వ, మైదా, ఆపైన ‘షుగర్’ పేరిట రాత్రిపూట చపాతీ.

ఇప్పుడు నాకు తాపేశ్వరం కాజా నిషిద్ధం, మైదాతో చేసిన బొబ్బట్టు నిషిద్ధం. ఆత్రేయపురం పూతరేకు మాత్రం బియ్యమే గనుక నిర్భయం. అరిసె, సున్నుండ, పాలకొల్లు దిబ్బరొట్టె నా పక్షానే ఉన్నాయి. అసలు శత్రువు పోపులో దాగి ఉంటుంది. డబ్బాలలో వచ్చే ఇంగువలో చాలావాటికి గోధుమపిండి కలుపుతారు. చీటీ చదవనిదే కొనరాదు. ఈ పథ్యం నెలలు, ఒక్కొక్కప్పుడు రెండేండ్లు నిలకడగా సాగితే మాత్ర మోతాదు తగ్గించవచ్చునంటారు వైద్యులు. నాది ఇప్పటికి సగమయింది.

మొదటిసారి చీటీ ఇచ్చినప్పుడు మందుల దుకాణంలోని అబ్బాయి అటూ ఇటూ చూసి, “మాస్టారూ, ఇది ఎవరికండీ?” అన్నాడు. “నాకేనయ్యా” అన్నాను. అతడు చిల్లరను చేతికివ్వక బల్లమీద పెట్టాడు. ఒక దగ్గరి బంధువు మా ఇంట కాఫీ త్రాగడం మానేశారు. 1898 నాటి కుష్ఠురోగుల చట్టం 2016లో రద్దయింది. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే నిబంధనలను 2019లో తీసివేశారు. చట్టాల పుటల నుండి పోయినది మనసులలోనుండి ఇంకా పోలేదు.

కొందరు హితులు మాత్రలను పేరులేని డబ్బాలో దాచుకొమ్మని సలహా చెప్పారు. నేను పాటించలేదు. నాకు కుష్ఠు కాదని ఇంటింటికీ చెప్పుకుంటూ తిరగడం కూడ మానివేశాను. అట్లా చెప్పిన ప్రతిసారీ, నిజంగా ఆ వ్యాధి కలిగి ఇదే మాత్ర వేసుకునే తోటివారిని నేనే ఒక మెట్టు క్రిందికి త్రోసినట్లవుతుంది. అడిగినవారికి రెండు మాత్రలనూ చూపుతాను. ఒకటి చెంగల్పట్టు రోగులను ఇంటికి పంపినదని, ఒకటి మన భీమవరం వారి కృషి అని చెబుతాను. మీ ఎరుకలో ఎవరికైనా మోచేతులకు, మోకాళ్ళకు ఏండ్ల తరబడి తగ్గని దురద ఉంటే చర్మవైద్యుని వద్ద ఈ వ్యాధి పేరు ఒక్కసారి ప్రస్తావించమనండి.

స్వస్తి.