గాలానికి కట్టే కోడి ఈక

ఫ్లై అంటే ఈకలు, వెంట్రుకలు, దారం కలిపి గాలం మీద కట్టిన దొంగ ఎర. వానపాము, రొయ్య, చిన్నచేప వంటి అసలు ఎర ఏదీ అందులో ఉండదు. నీటిలో ఆ ఈకలు ఆడే తీరు చూసి చేప మోసపోవాలి. ఏరుల్లో, సరస్సుల్లో పట్టే చేపలకు కట్టే ఫ్లైలకు రెండు వేల ఏళ్ళకు దగ్గరి చరిత్ర ఉంది. సముద్రపు చేపలకు కట్టేవి మాత్రం ఎక్కువగా ఇరవయ్యో శతాబ్దపు సరుకు. రెండిటికీ ముడిసరుకు ముఖ్యంగా కోడిపుంజు. ఆ పుంజు పూర్వీకులైన అడవికోళ్ళలో రెండు జాతులు దక్షిణ, తూర్పు భారతాల మధ్య ఎదురుపడే గీత దాదాపు గోదావరి వెంటే సాగుతుంది. బస్తర్ పడమటి కొసన ఉన్న భోపాల్‌పట్నం ఆ గీత పక్కనే ఉంది.

భోపాల్‌పట్నం ఒకప్పుడు బస్తర్ సంస్థానంలోని జమీందారీ. 1948లో సంస్థానం భారతదేశంలో విలీనమైంది. 1998 దాకా ఈ ప్రాంతం బస్తర్ జిల్లాలోనే ఉంది. ఆ ఏడు దంతెవాడ జిల్లాలోకి, 2007లో బీజాపూర్ జిల్లాలోకి మారింది. ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టిన ఇంద్రావతి చిత్రకూట్ దగ్గర జలపాతమై దూకి, పడమరకు సాగి, భోపాల్‌పట్నానికి చేరువలో గోదావరిలో కలుస్తుంది. ఆవలి ఒడ్డున ఒక వైపు మహారాష్ట్రలోని సిరోంచ, ఇంకో వైపు తెలంగాణ. హైదరాబాదు నుంచి వరంగల్, ఏటూరునాగారం మీదుగా వచ్చే జాతీయ రహదారి ఈ ఊళ్ళోనే ముగుస్తుంది. ఇక్కడ తెలుగు, గోండి, దోర్లీ, హిందీ ఒకే సంతలో వినబడతాయి.

అడవి లెక్కన కూడా ఇది సరిహద్దే. జగదల్‌పూర్ పీఠభూమి మీద సాల వృక్షాలది పైచేయి, భోపాల్‌పట్నం వైపు దిగేసరికి టేకు. ఎర్ర అడవికోడి ఎక్కువగా సాల అడవులతో పాటే కనబడుతుందని 19వ శతాబ్దంలోనే గమనించారు. జేమ్స్ ఫోర్సిత్ రాసిన, 1871లో వెలువడిన మధ్య భారత అడవుల పుస్తకంలో ఆ మాట ఉంది. పచ్‌మఢీ దగ్గర చుట్టూ వేరే అడవి ఉన్నా, విడిగా మిగిలిన చిన్న సాలవనంలో ఎర్రకోడీ, బారాసింగా జింకా ఉండటం ఆయనకు వింతగా తోచింది. ఆ గీతకు దక్షిణాన, పడమరన బూడిదరంగు అడవికోడి రాజ్యం. సరిహద్దు అన్నది గోడ కాదు కనుక, అంచుల్లో రెండూ కనబడతాయి.

బూడిద అడవికోడికి శాస్త్రంలో సొన్నెరాటీ అని పేరు. ఫ్రెంచి యాత్రికుడు పియరీ సొన్నెరా 1770ల్లో భారతదేశం తిరిగి, 1782లో అచ్చయిన గ్రంథంలో ఈ పక్షి గురించి రాశాడు. ఇంటికోళ్ళన్నీ దీని సంతానమేనని ఆయన నమ్మకం. డార్విన్ 1868లో ఆ వాదాన్ని తోసిపుచ్చి, ఎర్ర అడవికోడే మూలమన్నాడు. డార్విన్‌దే సరైన దారి అని తర్వాతి పరిశోధనలు తేల్చినా, సొన్నెరాది పూర్తి పొరపాటు కాదు. ఇంటికోళ్ళలో చాలావాటి కాళ్ళకు, చర్మానికి పసుపు రంగునిచ్చే జన్యువు బూడిద అడవికోడి నుంచి వచ్చిందని 2008లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం చూపింది. పెరట్లో తిరిగే పుంజులో ఆ విధంగా రెండు అడవులూ ఉన్నాయి.

ఫ్లై కట్టేవాళ్ళు బూడిద అడవికోడి పుంజు మెడ ఈకను వెతుక్కుంటూ వచ్చింది మాత్రం వంశవృక్షం కోసం కాదు, ఆ ఈక చివర ఉండే బొట్టు కోసం. నల్లటి ఈక మధ్య తెల్లటి కాడ సాగుతుంది. ఆ కాడే చివరకు వచ్చేసరికి చదునై, లక్క పూసినట్టు మెరిసే పసుపు, తెలుపు పలకలా మారుతుంది. వేలితో తాకితే మిగతా ఈకలా మెత్తగా ఉండదు, గోరులా గట్టిగా తగులుతుంది. తడిసినా ఆ మెరుపు పోదు. గాలానికి ఇరువైపులా ఒక్కొక్కటి కడితే అచ్చం చేప కన్నులా కనబడుతుంది. ఏటా వేసవిలో పుంజు ఈ మెడ ఈకలను రాల్చేసి, కొన్నాళ్ళు పొట్టి నల్ల ఈకలతో గడుపుతుంది. కాబట్టి మంచి మెడతోలు కావాలంటే చలికాలపు పుంజే కావాలి.

కోడి ఈకతో చేపను మోసం చేయడం అడవికోడి మీద ఈ మోజుకు చాలా ముందే మొదలైంది. క్రీ.శ. 200 ప్రాంతంలో రోమన్ రచయిత ఏలియన్ మాసిడోనియాలోని ఒక నదిలో జాలర్లు గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, పుంజు గొంతు కింది తమ్మెల దగ్గర పెరిగే రెండు ఈకలు కట్టేవారని రాశాడు. ఫ్లై గురించి ఇంత వివరంగా దొరికిన తొలి రాత ఇదే. ఇంగ్లండులో 1496లో అచ్చయిన చేపల వేట గ్రంథంలో పన్నెండు రకాల ఫ్లైల వర్ణన ఉంది. అప్పటివరకూ కావలసినవన్నీ ఊళ్ళో దొరికేవే: కోడి, బాతు, గొర్రె ఉన్ని, పట్టుదారం. విక్టోరియా రాణి కాలానికి స్కాట్లండు నదుల్లో సాల్మన్ వేట ధనవంతుల వినోదమైంది. దానితో ఫ్లై కూడా ఆభరణమైంది. నెమలి, టర్కీ, గోల్డెన్ ఫెజెంట్, దక్షిణ అమెరికా చిలకలు, వాటి పక్కన భారతదేశపు అడవికోడి చేరాయి. 19వ శతాబ్దం మధ్యలో పుట్టిన జాక్ స్కాట్ అనే ఫ్లైకి ఇరవైకి పైగా పదార్థాలు కావాలి. చెక్కిళ్ళ చోట అడవికోడి ఈక తప్పనిసరి. జార్జ్ కెల్సన్ 1895లో తెచ్చిన సాల్మన్ ఫ్లై గ్రంథం ఈ కళకు ధర్మశాస్త్రమైంది. చేపకు ఇన్ని రంగులు కావాలా అన్న ప్రశ్న అప్పుడూ ఉంది. కొనేది మనిషి కనుక, మనిషికి నచ్చితే చాలునన్నదే దానికి జవాబు.

ఫ్యాషన్ టోపీల కోసం ఈకల వ్యాపారం అడ్డూ ఆపూ లేకుండా పెరగడంతో 1902 సెప్టెంబరులో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం పక్షుల తోళ్ళు, ఈకల ఎగుమతిని నిషేధించింది. పెంపుడు పక్షులకు, నిప్పుకోడి ఈకలకు, శాస్త్ర పరిశోధనకు పంపే నమూనాలకు మినహాయింపు ఇచ్చింది. ఫ్లై చరిత్రకు కీలకమైనది ఆ మినహాయింపే. అడవి పుంజు ఈకకు తలుపు మూసుకుంది, పెరటి పుంజు ఈకకు తెరిచే ఉంది. ‘ఇండియన్ కేప్’ పేరుతో దేశీ కోళ్ళ మెడతోళ్ళు ఇరవయ్యో శతాబ్దంలో బ్రిటన్, అమెరికా దుకాణాలను నింపాయి. అడవికోడి మెడతోళ్ళు మాత్రం ఆగిపోయాయా అంటే అదీ లేదు. 1950ల్లో అమెరికా చట్టమే ఫ్లైల తయారీకి ఏడాదికి 5,000 అడవికోడి తోళ్ళ దిగుమతికి కోటా ఇచ్చిందంటే గిరాకీ ఎంతో తెలుస్తుంది. భారతదేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణ వేటకు మిగిలిన సందులను దాదాపుగా మూసేసింది.

దేశీ పుంజు ఈకలను రంగు, చార, మెరుపు ఆధారంగా వేరుచేయడంలో పడమటివాళ్ళది పెద్ద పరిభాష. లేత ఈకకు నడుమ నల్లగీత ఉంటే బాడ్జర్, ఎర్రగోధుమ ఈకకు అదే గీత ఉంటే ఫర్నెస్, నలుపు తెలుపు అడ్డచారలైతే గ్రిజ్లీ, పొగరంగైతే డన్. ఈ పనిలో తెలుగువాళ్ళు ఎవరికీ తీసిపోరు. పందెం కోళ్ళకు ఈకలను బట్టే డేగ, కాకి, సేతువ, నెమలి, పర్ల, కౌజు, మైల, పింగళ, అబ్రాసు అని పేర్లు. ఏ రంగు పుంజు ఏ రోజు ఏ దిక్కున దిగితే గెలుస్తుందో చెప్పే కుక్కుటశాస్త్రం కూడా ఉంది. బస్తర్ సంతల్లో కోడిపందెం కాలికి కత్తి కట్టి నేటికీ జరుగుతుంది. ఒకరు చేప కోసం, ఒకరు పందెం కోసం అదే మెడను వెలుతురులో తిప్పి చూశారు.

మరి భోపాల్‌పట్నం చుట్టూ రెండు నదులు, చేపలు, కోళ్ళు అన్నీ ఉండగా ఫ్లై ఎందుకు పుట్టలేదు? కారణం పెద్దదేమీ కాదు. ఇక్కడ చేప కూడు, ఆట కాదు. వల, మావు, ఊత, ఏటికి అడ్డంగా కట్టిన దడి, మడుగులో కలిపే చెట్ల మందు ఇవన్నీ ఒక్కసారికి చాలా చేపలను ఇస్తాయి. ఫ్లై ఒక్క చేపను మాత్రమే ఇస్తుంది, అదీ నీరు తేటగా ఉన్నప్పుడు. వానాకాలపు గోదావరి ఎర్రనీటిలో ఈక ఆట చేప కంటికి ఆనదు. భారతదేశంలో ఫ్లైని ప్రచారం చేసింది ఉద్యోగాల మీద వచ్చిన ఆంగ్లేయులే. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో తెచ్చిన ‘ది రాడ్ ఇన్ ఇండియా’ వాళ్ళకు పాఠ్యగ్రంథం. అందులో ఆరాధన అంతా మహసీర్ చేపకే.

సముద్రానికి ఫ్లై దారి అమెరికాలో పడింది. మెయిన్ రాష్ట్రంలో క్యారీ స్టీవెన్స్ అనే మహిళ గ్రే గోస్ట్ అనే పొడవాటి ఫ్లై కట్టింది. అది పురుగును కాదు, చిన్నచేపను పోలినది. దాని చెక్కిళ్ళకు కూడా అడవికోడి ఈకే. అది సరస్సు చేపలకు కట్టినదే అయినా, చేపను చేపతో మోసం చేయాలన్న ఆ ఊహే ఉప్పునీటికి సరిపోయింది. 1950లో జో బ్రూక్స్ ఉప్పునీటి ఫ్లై వేట మీద పుస్తకం రాశాడు. ఆ దశకం చివర్లో లెఫ్టీ క్రే చెసపీక్ అఖాతంలో స్ట్రైప్డ్ బాస్ కోసం డిసీవర్ అనే ఫ్లై రూపొందించాడు. ఉప్పునీటి ఫ్లై కట్టడం నేర్చుకునేవారికి నేటికీ తొలిపాఠాల్లో ఒకటి ఇదే.

తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ గాలాన్ని వైస్‌లో బిగించి, దారంతో కాడంతా చుట్టి పునాది వేస్తారు. తెల్లపుంజు నడుము ఈకలు ఆరో ఎనిమిదో తీసుకుని, వంపులు లోపలికి ఎదురెదురుగా వచ్చేలా జతచేసి, గాలం వంపు మొదట్లో తోకగా కడతారు. కొత్తవారి తప్పు సాధారణంగా ఇక్కడే: ఈకలను గాలం తల దగ్గర కడితే విసిరినప్పుడు అవి వెనక్కి వెళ్ళి వంపుకు చుట్టుకుంటాయి. క్రే ఈకలను వెనక్కి జరిపింది ఆ చిక్కు తప్పించడానికే. కాడకు వెండిరంగు రేకు చుట్టి, తల దగ్గర జింక తోక వెంట్రుకలను చుట్టూ కాలర్‌లా కడతారు. పైన కొన్ని నెమలి ఈక పోగులు, గొంతు కింద కాస్త ఎరుపు. మంచినీటిపై తేలే ఫ్లైకి బిరుసు ఈక కావాలి. దీనికి అందుకు విరుద్ధంగా వెడల్పాటి, మెత్తటి, నీటిలో ఊపిరి పీల్చినట్టు కదిలే ఈక కావాలి. పొట్టి మెడ ఈకలున్న దేశీ కేప్ ఇక్కడ అంతగా పనికిరాదు. 1970ల నుంచి అమెరికాలో ఈకల కోసమే ప్రత్యేకంగా పెంచిన కోళ్ళు వచ్చాక దాని బజారు మరింత తగ్గింది.

కన్ను సంగతీ మారిపోయింది. పెద్దచేప తరచూ ఎర కన్ను వైపే గురిపెడుతుందని వేటగాళ్ళ నమ్మకం కనుక కన్ను లేని సముద్రపు ఫ్లై అరుదు. అడవికోడి ఈక చట్టానికీ ధరకూ అందనంత దూరం పోయేసరికి రంగుతో దిద్దిన కన్ను, అంటించే ప్లాస్టిక్ కన్ను ఆ చోటికి వచ్చాయి. 1980ల చివరికి బాబ్ క్లౌజర్ డంబెల్ ఆకారపు సీసం కళ్ళు కట్టిన ఫ్లైతో పేరు పొందాడు. ఆ బరువుకు ఫ్లై తలకిందులై ముల్లు పైకి ఉంటుంది, అడుగున చిక్కుకోదు. కన్ను అప్పటిదాకా అలంకారం, ఇక్కడ బరువు కూడా అయింది.

1991లో అమెరికా తపాలా శాఖ అయిదు ఫ్లైలతో తపాలాబిళ్ళల పుస్తకం వేసింది. అందులో జాక్ స్కాట్, డిసీవర్ రెండూ ఉన్నాయి. పాత పద్ధతి మీద మోజు చావలేదని చెప్పడానికి 2009 నాటి దొంగతనం ఒక్కటి చాలు. ఇంగ్లండులోని ట్రింగ్ మ్యూజియం నుంచి 299 పక్షుల తోళ్ళు సాల్మన్ ఫ్లైల ఈకల కోసమే మాయమయ్యాయి. ఇప్పుడు బ్రిటన్‌లో పెంపకపు పక్షుల నుంచి తీసిన అడవికోడి మెడతోళ్ళు చట్టబద్ధంగా దొరుకుతాయి, ఖరీదు ఎక్కువ. నెమలి ఈకది మన దేశంలో మరో తీరు: సహజంగా రాలిన తోక ఈకల అమ్మకానికి దేశంలో మినహాయింపు ఉంది, ఎగుమతికి లేదు.

తెలుగువాళ్ళు ఎక్కువగా స్థిరపడిన అండమాన్‌లో నేడు పర్యాటకులు ఫ్లైతో పెద్ద పార చేపలను వేటాడుతున్నారు. గోదావరి సముద్రంలో కలిసే చోట ఉప్పూ తీపీ కలిసిన కయ్యల్లో దొరికే పండుగప్ప, ఆస్ట్రేలియా వేటగాళ్ళు డిసీవర్‌తో పట్టే బారముండి ఒకే చేప. భోపాల్‌పట్నం పక్కన కలిసిన ఇంద్రావతి నీరు చేరేది కూడా ఆ కయ్యలకే.