ఉప్పెన వార్తకు ఆకరం: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల పత్రికారచనలో సామాజిక మాధ్యమాలు

1977 నవంబరు 19న దివిసీమను, రేపల్లె తీరప్రాంతాన్ని ముంచెత్తిన ఉప్పెనలో సుమారు 10,000 మంది మరణించారు. తంతి, టెలిఫోను తీగలు తెగి, దారులు నీట మునగడంతో ఆ వార్త బయటి ప్రపంచానికి చేరడానికే సమయం పట్టింది. మృతుల సంఖ్య రోజురోజుకూ పెరుగుతూ వచ్చింది. విలేకరి వెళ్లిన తరువాతే ఊరు వార్తలోకి ఎక్కేది. 2023 డిసెంబరు 5 మధ్యాహ్నం మిగ్‌జాం తుపాను బాపట్ల సమీపాన తీరం దాటే నాటికి ఈ క్రమం తలకిందులైంది. విలేకరి కన్నా ముందే ఊరివారి ఫోనులోని దృశ్యం పత్రికా కార్యాలయానికి చేరగలదు. దీనివల్ల వార్తాసేకరణ సులభమైందన్న మాట సగమే నిజం. సేకరణ శ్రమ తగ్గిన మేరకు పరిష్కరణ శ్రమ పెరిగింది.

పరిష్కరణ అన్న మాటను ఇక్కడ మన శాస్త్రార్థంలోనే వాడుతున్నాను. 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా వెలువడడం ప్రారంభించిన ఆంధ్రపత్రిక కాలంలో, ఊరి నుంచి వెళ్లే జాబులో ఊరి పేరు, తేదీ, చేవ్రాలు ఉండేవి. సంపాదకుడు జాబును నమ్మినా నమ్మకపోయినా, రాసినదెవరో ఎరిగి ఉండేవాడు. వాట్సాప్‌లో చేతులు మారిన దృశ్యానికి ఆ మూడూ ఉండవు. మామూలు పద్ధతిలో పంపిన ఫొటో నుంచి, అది తీసిన సమయం, స్థలం తెలిపే వివరాలు తొలగిపోతాయి. పలుమార్లు ఫార్వర్డ్ అయిందన్న గుర్తు ప్రతులు పెరిగాయని చెబుతుందే గాని మూలకర్తను చూపదు. కర్త తెలియని హాస్యపద్యాన్నల్లా తెనాలి రామకృష్ణునికి అంటగట్టిన జాతికి ఇది కొత్త చిక్కు కాదు. వేటూరి ప్రభాకరశాస్త్రి చాటుపద్యాలు సేకరించిన నాటి నుంచీ మనం వేసుకుంటున్న ప్రశ్నలే ఇక్కడా వర్తిస్తాయి: ఇది ఎవరి ప్రతి? ఎక్కడ దొరికింది? ఇంతకన్నా పాత ప్రతి ఉందా?

పాత ప్రతిని వెదకడానికి చిత్రంతో శోధించే సాధనాలున్నాయి. పాత ప్రతి దొరికితే దృశ్యం నేటిది కాదని తేలుతుంది. దొరకనంత మాత్రాన నేటిదని రుజువు కాదు. అప్పుడు దృశ్యంలోని అంతస్సాక్ష్యాన్ని చూడాలి. దుకాణం బోర్డు, బస్సుపై ఊరి పేరు, తాటిచెట్లు వంగిన దిక్కు, వెనుక వినిపించే మనుషుల యాస వంటివి ఇందుకు పనికివస్తాయి. యాస విషయంలో విలేకరికి తెలుగు శాఖల సహాయం అవసరం. ఇంతవరకు అడిగినవారు అరుదు. అటుపైన మొదట పంపిన వ్యక్తితో ఫోనులో మాట్లాడి, ఎక్కడ నిలబడి తీశారో, పక్కన ఎవరున్నారో అడగాలి. పేరు ప్రచురించడానికి అనుమతి కూడా అప్పుడే తీసుకోవాలి.

దృశ్యాలు అసలే రాని చోటు ఇంతకన్నా క్లిష్టమైనది. 2024 సెప్టెంబరు వరదలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు వెళ్లింది. కొల్లూరు, భట్టిప్రోలు ప్రాంతాల లంకలు ఆ దారిలోనివే. అంతటి వరదలో కరెంటు పోతే ఫోన్లు మూగబోతాయి. కనుక సామాజిక మాధ్యమాల్లో కనిపించే వరద పటం నిజానికి ఛార్జింగు మిగిలిన ఫోన్ల పటం. అందులో లేని లంకను క్షేమంగా ఉన్నదని లెక్కించే విలేకరి 1977 నాటి తొలి అంకెల పొరపాటునే మళ్లీ చేస్తాడు. మండలంలోని గ్రామాల జాబితా ముందు పెట్టుకొని, కబురు వచ్చిన ఊళ్లకు టిక్కు పెడుతూ పోతే, చివరకు టిక్కు లేని పేర్లు కొన్ని మిగులుతాయి. మొదటి పడవ ఎక్కవలసింది ఆ ఊళ్లకు.