ఎల్‌ఈడీ మ్యాట్రిక్స్‌పై సీరియల్ యానిమేషన్

కంప్యూటర్‌లో తయారైన కదిలే బొమ్మను ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్‌గా మైక్రోకంట్రోలర్‌కు పంపి, ఎల్‌ఈడీల పలకపై ఆడించే పద్ధతిని సీరియల్ యానిమేషన్ అనవచ్చు. బొమ్మ మారిన ప్రతిసారీ మైక్రోకంట్రోలర్‌లోకి కొత్త ప్రోగ్రామ్ ఎక్కించనక్కర్లేకపోవడం దీని ప్రధాన ప్రయోజనం.

నిర్మాణం

8×8 మ్యాట్రిక్స్‌లో 64 ఎల్‌ఈడీలు ఉన్నా పిన్నులు 16 మాత్రమే. అడ్డువరుసలను ఒకదాని వెంట ఒకటిగా అతివేగంగా వెలిగిస్తే, కంటికి బొమ్మ మొత్తం ఒకేసారి కనిపిస్తుంది. ఇదే మల్టిప్లెక్సింగ్. ఆర్డ్యునో ఊనో వంటి మైక్రోకంట్రోలర్ బోర్డులతో చేసేటప్పుడు ఈ పనిని తరచుగా మ్యాక్స్7219 డ్రైవర్ చిప్‌కు అప్పగిస్తారు. అది సెకనుకు సుమారు 800 సార్లు పలకను తిరిగి వెలిగిస్తుంది. కాంతిని 16 స్థాయుల్లో మార్చగలదు. డేటా, క్లాక్, లోడ్ అనే మూడు తీగలపై 16 బిట్ల చొప్పున ఆదేశాలు అందుకుంటుంది. ఒక చిప్ అవుట్‌పుట్‌ను తర్వాతి చిప్ ఇన్‌పుట్‌కు కలుపుతూ పలకలను పొడిగించవచ్చు.

వేగం

ఒక్కో ఎల్‌ఈడీకి ఒక బిట్ చొప్పున 8×8 ఫ్రేమ్‌కు 8 బైట్లు చాలు. నాలుగు పలకలు కలిస్తే 32 బైట్లు. ఫ్రేమ్ మొదలును తెలిపే ఆరంభ బైట్, పొరపాటును పట్టే చెక్‌సమ్ బైట్ చేర్చితే 34. యూఆర్ట్ అనే సీరియల్ పద్ధతిలో స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి ప్రతి బైట్‌కూ 10 బిట్లు పడతాయి. కాబట్టి 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్లు) వద్ద సెకనుకు 960 బైట్లు, అంటే గరిష్ఠంగా 28 ఫ్రేములు వెళ్తాయి. 1,15,200 బాడ్ వద్ద ఇది 12 రెట్లు పెరుగుతుంది.

ఫ్రేముల పొందిక

ఒక్క బైట్ జారిపోయినా బొమ్మ పక్కకు జరిగిపోతుంది. ఆరంభ బైట్ విలువ బొమ్మ డేటాలోనూ రావచ్చు కనుక దాన్ని మాత్రమే నమ్మకూడదు. బైట్లను లెక్కించి, చెక్‌సమ్ సరిచూడాలి. లెక్క తప్పిన ఫ్రేమ్‌ను వదిలేసి పాతదాన్నే ఉంచడం మేలు. పూర్తి ఫ్రేమ్ చేరాకే డ్రైవర్‌కు పంపితే సగం పాత, సగం కొత్త బొమ్మ కనిపించదు. ఊనోలో సీరియల్ బఫర్ సాధారణంగా 64 బైట్లే. ప్రోగ్రామ్‌ను డిలేలతో ఆపితే బఫర్ నిండి, ఆ తర్వాత వచ్చే బైట్లు పోతాయి.

తెలుగు అక్షరాలు

గుణింతపు గుర్తులు పైనా, వత్తులు కిందా చేరే తెలుగు లిపి 8 వరుసల్లో స్పష్టంగా ఇమడదు. 16 వరుసల పలక నయం. యూనికోడ్ సంకేతాలను కలిపి అక్షరరూపం కూర్చే పనికి ఊనోలోని 2 కిలోబైట్ల ర్యామ్ చాలా ఇరుకు. ఆ కూర్పు కంప్యూటర్‌లోనే ముగించి చుక్కల బొమ్మను మాత్రమే పంపితే, చిన్న మైక్రోకంట్రోలర్‌తోనూ తెలుగు వాక్యాన్ని పలకపై నడిపించవచ్చు.