నాందేడ్‌లో సేవ: వయసు మళ్లినవారి పని

నాందేడ్‌లోని తఖ్త్ సచ్‌ఖండ్ హజూర్ సాహిబ్‌లో గోదావరి నీళ్లు తెచ్చే ఆచారం నేటికీ నడుస్తోంది. తెల్లవారకముందే గాగరియా సింగ్ అని పిలిచే సేవకుడు బిందెతో నదికి వెళ్లి నీళ్లు తెస్తాడు. ఆ నీళ్లతో గర్భగృహం కడుగుతారు. గురుస్థానానికి నీళ్లు మోసినవారిలో సిక్కులు అందరికంటే ముందు తలుచుకునే వ్యక్తి మూడో గురువు అమర్‌దాస్. 1479లో పుట్టిన ఆయన, దాదాపు 60 ఏళ్ల వయసులో, తనకంటే చాలా చిన్నవాడైన గురు అంగద్ దగ్గర శిష్యుడిగా చేరారు. రోజూ వేకువన బియాస్ నది నుంచి ఖడూర్‌కు గురువు స్నానానికి నీళ్లు మోశారని, ఏళ్ల తరబడి ఈ పని మానలేదని సంప్రదాయం చెబుతుంది. 1552లో గురుపీఠం ఎక్కేనాటికి ఆయనకు 73 ఏళ్లు. ఆ తర్వాత మరో 22 ఏళ్లు ఆ బాధ్యత మోశారు. అందుకే సిక్కు ఆచారంలో సేవకు వయోపరిమితి అన్న ఊహే లేదు. పెద్దవయసులో పనిలోకి దిగినవాడే అక్కడ ఆదర్శపురుషుడు.

ఆ సేవా సంప్రదాయం దక్కన్‌లో వేళ్లూనుకోవడానికి కారణం పదో గురువు గోవింద్ సింగ్. 1708లో ఆయన నాందేడ్‌కు వచ్చి, ఆ ఏడాది అక్టోబరు 7న ఇక్కడే దేహం చాలించారు. తన తర్వాత మనుషుల్లో గురువు ఉండరని, సిక్కుల పవిత్ర గ్రంథమే గురువని ప్రకటించింది కూడా ఈ ఊళ్లోనే. ఇప్పుడున్న మందిరాన్ని మహారాజా రంజిత్ సింగ్ 1832-1837 మధ్య కట్టించారు. అప్పటికి నాందేడ్ నిజాం రాజ్యంలో ఉంది. అదే కాలంలో లాహోర్ నుంచి హైదరాబాద్‌కు వచ్చిన సిక్కు సైనికుల సంతతి దక్కనీ సిక్కులుగా ఇక్కడే స్థిరపడింది. హైదరాబాద్, నిజామాబాద్ ప్రాంతాల సిక్కు కుటుంబాలకు హజూర్ సాహిబ్ పొరుగూరి గుడి లాంటిది.

పంజాబ్ నుంచి ఇంత దూరం నడిచో, రైలెక్కో వచ్చిన యాత్రికులకు అన్నం పెట్టడం పెద్ద సమస్యగా ఉండేది. హోషియార్‌పూర్ ప్రాంతానికి చెందిన బాబా నిధాన్ సింగ్ సైన్యంలో కొలువు వదిలి నాందేడ్ చేరి, ఊడవడం, నీళ్లు మోయడం వంటి పనులతో మొదలుపెట్టి, 20వ శతాబ్దం తొలి దశకాల్లో ఇక్కడ లంగర్ (అందరికీ ఉచితంగా భోజనం పెట్టే వంటశాల) నెలకొల్పారు. 1947లో కన్నుమూశారు. ఆయన మొదలుపెట్టిన అన్నదానం గురుద్వారా లంగర్ సాహిబ్ పేరిట నేటికీ సాగుతోంది.

లంగర్‌లో పని పంచుకునే తీరు ప్రత్యేకంగా గమనించదగ్గది. పెద్ద గుండిగలు దించడం, బస్తాలు మోయడం ఒంట్లో శక్తి ఉన్నవారి వంతు. కూర్చుని వెల్లుల్లి ఒలవడం, కూరగాయలు తరగడం, రొట్టెలు ఒత్తడం, జోడాఘర్‌లో యాత్రికుల చెప్పులు అందుకుని భద్రపరచడం పెద్దవాళ్లకూ సాధ్యమే. ఎవరినీ అర్హతలు అడగరు. మోకాళ్లు సహకరించని మనిషికి కూడా ఏదో ఒక పని దొరుకుతుంది. పని వెంట మాటలు, చెవికి కీర్తన, పక్కన కొత్త ముఖాలు ఉంటాయి. రేపు కూడా రావాలన్న కారణం ఉంటుంది. ఇంట్లో ఒక మూల కుర్చీకి పరిమితమైన వృద్ధులకు కరువయ్యేవి సరిగ్గా ఇవే.

ఈ అంశాన్ని వైద్య పరిశోధకులు మరో దారిలో వచ్చి పట్టుకున్నారు. మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా (మతిమరుపు వ్యాధి) ఉన్నట్టు ఒక జాతీయ అధ్యయనం అంచనా. దాన్ని నివారించడానికో, వాయిదా వేయడానికో సవరించుకోగల 14 కారణాలను 2024లో లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ పేర్కొంది. వాటిలో ఒంటరితనంతో కూడిన జీవితం ఒకటి. 2023లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన అల్జీమర్స్ సదస్సులో కాలిఫోర్నియా పరిశోధకులు, సగటు వయసు 74 ఏళ్లున్న సుమారు 2,500 మంది వివరాలు వెల్లడించారు. స్వచ్ఛంద సేవ చేసేవారిలో జ్ఞాపకశక్తి, పనులను క్రమపద్ధతిలో ఆలోచించి చేసుకునే సామర్థ్యం మెరుగ్గా కనిపించాయి.

ఇక్కడ తొందరపాటు పనికిరాదు. మెదడు చురుగ్గా ఉన్నవారే సేవకు ముందుకొస్తారు కాబట్టి ఏది కారణమో, ఏది ఫలితమో అలాంటి పోలికలతో తేలదు. బాల్టిమోర్‌లోని ఎక్స్‌పీరియన్స్ కోర్ ప్రయోగానికి విలువ వచ్చింది అందుకే. అక్కడ 60 దాటినవారిని యాదృచ్ఛికంగా రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టు వారానికి సుమారు 15 గంటలు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసింది. పిల్లలకు చదవడం నేర్పడం, గ్రంథాలయం చూసుకోవడం, తగవులు సర్దడం వారి పనులు. రెండు జట్లలో కలిపి 111 మంది మెదడు చిత్రాలను పరిశీలించి 2015లో ఫలితాలు ప్రచురించారు. రెండేళ్ల సేవ తర్వాత పురుషుల మెదడు పరిమాణం 0.7 నుంచి 1.6 శాతం దాకా పెరిగింది. మామూలుగా ఆ వయసులో అది తగ్గాలి. స్త్రీలలో కూడా కొంత మేలు కనిపించినా, గణాంకపరంగా గట్టిగా చెప్పగలిగినంత కాదు.

బడిలో చదువు చెప్పడం, వంటశాలలో ఉల్లిపాయలు తరగడం మెదడుకు ఒకే రకమైన పని కాదు. కాబట్టి బాల్టిమోర్ అంకెలను నాందేడ్‌కు అంటగట్టకూడదు. పోలిక ఉన్నది పని అమరికలో: వేళకు ఇల్లు కదలడం, పదిమందితో కలిసి చేయడం, తన పని మరొకరికి అక్కరకొస్తోందని కళ్లారా చూడటం. పురుషుల విషయంలో ఈ పోలిక మరీ దగ్గరగా ఉంటుంది. ఉద్యోగ విరమణతో దినచర్యంతా పోయేది ఎక్కువగా వారికే. మన ఇళ్లలో వంటగది గడప అరుదుగా దాటే పెద్దమనుషులు లంగర్‌లో స్త్రీల పక్కనే పిండి పిసుకుతారు, రొట్టెలు కాలుస్తారు, పంక్తిలో వడ్డిస్తారు, ఎంగిలి పళ్లేలు తోముతారు.