కాలిపోకుండా వేడిచేసే పెట్టెలు

అంగళ్లు చుట్టుపక్కల బోరు మోటారు కాలిపోవడం చూడనివాళ్లు మనలో ఎవరున్నారు? కాయిల్ ఒక్కచోట వేడెక్కితే చాలు, మదనపల్లెకు మోసుకెళ్లి మొత్తం చుట్టించాల్సిందే. మన గ్రూపులో ఐటీఐ, డిప్లొమా చదివేవాళ్లున్నారు కాబట్టి, ఇదే కష్టం చాలా పెద్ద యంత్రానికి వస్తే హైదరాబాదు చేతులు ఎలా పనికొచ్చాయో రాస్తున్నాం.

జెనీవా దగ్గర సెర్న్ సంస్థ భూమి కింద 27 కిలోమీటర్ల సొరంగంలో ఎల్‌హెచ్‌సీ అనే యంత్రం కట్టింది. అందులో ప్రోటాన్లను వంచి తిప్పడానికే 1,232 పెద్ద అయస్కాంతాలున్నాయి, ఒక్కోటి 15 మీటర్ల పొడవు. ద్రవ హీలియంతో మైనస్ 271 డిగ్రీలకు చల్లబరిస్తే వాటి తీగలో నిరోధం ఉండదు. దాదాపు 12 వేల ఆంపియర్లు వేడి లేకుండా పారతాయి. ఎక్కడో చిన్న ముక్క ఆ గుణం పోగొట్టుకుంటే అదే క్వెంచ్. బోరు మోటారుకైతే స్టార్టరు ట్రిప్ అయితే చాలు. ఇక్కడ కరెంటు ఆపినా, అయస్కాంతంలో దాగిన శక్తి అంతా ఆ ముక్క మీదే పడి కరిగించేస్తుంది.

దానికి విరుగుడు వింతగా ఉంటుంది. వోల్టేజీ తేడా కనబడగానే 900 వోల్టులకు నింపి పెట్టిన కెపాసిటర్లు, కాయిల్ మీది హీటరు పట్టీల్లోకి ఒక్కసారిగా ఖాళీ అవుతాయి. అంటే కావాలనే అయస్కాంతమంతా వేడిచేస్తారు! వేడి అంతటా పంచుకుంటే ఏ ఒక్కచోటా కాలదు.

1996లో మన అణుశక్తి శాఖకూ సెర్న్‌కూ ఒప్పందం కుదిరింది. ఆ ఒప్పందం కింద ఇలాంటి హీటరు పవర్ సప్లై పెట్టెలు 5,500 దాకా మన దేశం నుంచే వెళ్లాయి. ఈ రక్షణ ఎలక్ట్రానిక్స్ తయారుచేసినవాటిలో హైదరాబాదు ఈసీఐఎల్ ఒకటి. 1967లో పెట్టిన ప్రభుత్వ కంపెనీ అది.

అయితే గొప్పలకు పోకూడదు. 2008 సెప్టెంబరు 19న ఎల్‌హెచ్‌సీలో పెద్ద ప్రమాదమే జరిగింది. పాడైంది కాయిల్ కాదు, రెండు అయస్కాంతాల మధ్య అతుకు. అక్కడ హీటరు పట్టీలుండవు. అంత చిన్న నిరోధాన్ని పసిగట్టే ఏర్పాటూ అప్పటికి లేదు. టన్నుల కొద్దీ హీలియం బయటికొచ్చింది, 50కి పైగా అయస్కాంతాలు పైకి తీయాల్సొచ్చింది. అతుకులను కనిపెట్టే కొత్త పరికరాలు పెట్టి, 2009 నవంబరులో గానీ మళ్లీ నడపలేదు. ఆ పెట్టెలు తమకు అప్పగించిన కాయిల్‌నే కాస్తాయి, అంతే.

ఈ చరిత్ర చెప్పేటప్పుడు శాస్త్రవేత్తల పేర్లు వినిపిస్తాయి. సోల్డరింగు పట్టినవాళ్లవి, ఒక్కో పెట్టె టెస్టు చేసినవాళ్లవి మాకెక్కడా కనబడలేదు. మీ తండాలోనో గూడెంలోనో ఆ రోజుల్లో ఈసీఐఎల్‌లో పనిచేసిన పెద్దవాళ్లుంటే, కూర్చోబెట్టి అడిగి రాయండి.